చివరి ఏడు పేజీలు

భోంచేస్తున్న కెప్టెన్ కంచం పక్కన ఓడ వంటవాడు ఒక పాత నవల పడేశాడు.

“మా తమ్ముడిది.”

“తాగి సముద్రంలో పడ్డవాడి చెత్త నా బల్ల మీదెందుకు? జన్మలో నేను కథల పుస్తకం ముట్టలేదు.”

“వాడు తాగడు సార్. మొన్న మధ్యాహ్నం డెక్ మీద కాపలాకి వెళ్లాడు.”

“వెళ్లాడు, ఒక్కడే జారిపడ్డాడు. అప్పుడు నేను గదిలో కునుకు తీస్తున్నా. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఇందులో ఓడ మీద హత్య జరుగుతుంది. రోజూ చదివినంతవరకు వాడు మాకు చెప్పేవాడు. చంపింది డాక్టరేనని మా వంటింట్లో అందరి నమ్మకం.”

కెప్టెన్ వెటకారంగా నవ్వాడు. “మీ తెలివి తెల్లారినట్టే ఉంది. డాక్టర్ కాదు, చుక్కాని పట్టేవాడు.”

వంటవాడు నవల తెరిచి ముందుకు తోశాడు. చివరి ఏడు పేజీలు లేవు.

“పుస్తకం జేబులో పట్టదని, కాపలాకి వెళ్లేటప్పుడు ఆ పూట చదవాల్సిన పేజీలు చింపుకుని వెళ్లేవాడు. మొన్న పట్టుకెళ్లినవి ఇవే. ముగింపు మాకు చెప్పడానికి వాడు తిరిగి రాలేదు.”

నోటిదాకా వెళ్లిన ముద్ద కెప్టెన్ చేతిలోనే ఆగిపోయింది.

“నిద్రలో విన్నారా సార్, చుక్కాని వాడి సంగతి?”