మూడు ప్లేట్ల ఛోలే

అమెరికాలో, మా నోవై ఊళ్లో మావాళ్లు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కెళ్లి, పందెం కాసి మూడు ప్లేట్ల ఛోలే గబగబా మింగి, పైన రెండు సోడాలు తాగాను. ఇంటికొచ్చేసరికి పొట్ట డోలులా ఉబ్బి, ఛాతీ దాకా పట్టేసింది.

"రేణూ, గుండె ఆగిపోతోందే!"

"పోయిన దీపావళికీ ఇలాగే అని చచ్చినట్టు పడ్డారుగా! అందరూ ఏడ్చాక లేచి ఇకిలించారు," అంటూ మా ఆవిడ ఒంటిచేత్తో నా నోట్లో వాము, ఉప్పు కుక్కింది. "గ్యాసే అది. నమిలి నడవండి."

నా వెధవ వేషాల పుణ్యమా అని నా చావునీ ఎవరూ నమ్మరనుకుంటూ సోఫా చుట్టూ తిరిగాను. పదో చుట్టులో ఇల్లదిరేలా త్రేన్పొచ్చింది. హాయిగా ఊపిరాడింది.

"చెప్పానా, గ్యాసే!" అంటూ రేణు కూలబడింది.

అప్పుడు చూశాను, ఇంతసేపూ వెనక దాచిన రెండో చేతిలో ఫోన్. అంబులెన్స్ కోసం నైన్ వన్ వన్ కొట్టి ఉంది. కాల్ బటన్ మీంచి ఆమె బొటనవేలు ఇంకా తియ్యలేదు.