అద్దంలో జవాబు

కాలేజీ కబడ్డీ ఆడే ప్రతి పిల్లకూ తలపట్టీ తప్పనిసరై పదేళ్లయింది. పొద్దున్నే అది మూడు ప్రశ్నలడుగుతుంది. తడబడితే తలకు దెబ్బ గట్టిదని ఎర్రగా వెలుగుతుంది; ఆ ఏటికి ఆట బంద్.

ప్రాక్టీసులో స్వరూప తల నేలకు కొట్టుకోవడం నిన్నటితో మూడోసారి. టోర్నమెంటుకు ఇంకా ఎనిమిది రోజులుంది. ఆడకపోతే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేజారుతుందని తల్లి యాదమ్మ బెంగ.

"అద్దంల నా మూతి దిక్కే చూడు బిడ్డా" అని చెప్పి, కూతురికి పట్టీ కట్టి, వెనక కూర్చుని జడ అందుకుంది.

"ఇవాళ ఏ వారం?" పట్టీ అడిగింది.

అద్దంలో యాదమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి.

"బుధవారం" అంది స్వరూప.

"పొద్దున ఏం తిన్నారు?"

"ఉప్మా."

"మీకు జడ వేస్తున్నదెవరు?"

ఈ ప్రశ్న కొత్తది. దీనికి తన సాయమెందుకని యాదమ్మ నవ్వుకుంది. స్వరూప మాత్రం అద్దంలో తల్లి పెదవులకేసే చూస్తూ, ఎప్పుడు కదులుతాయా అని కాచుకుని ఉంది.

యాదమ్మ చేతుల్లోంచి జడపాయలు జారిపోయాయి. చప్పుడు లేకుండా పెదవులు మూసి, తెరిచింది.

"అమ్మ" అంది స్వరూప, పాఠం అప్పజెప్పినట్టు.

పట్టీ పచ్చగా వెలిగింది. "శభాష్. మీరు ఆడవచ్చు."