అంచున ఎర్రగీత

శనివారం. పన్నెండు దాటినా ఫోన్ మోగలేదు.

లత సద్దిమూట ముట్టలేదు. పొద్దున కోరుట్లలో బస్సెక్కే ముందు తల్లి కొమురవ్వ కట్టిచ్చిన మూట కట్టింది కట్టినట్టే బల్ల మీదుంది. ఆమె చూపంతా ఎదుటి టేబుల్ మీది ఫోన్ మీదే.

"ఇయ్యాల రాదులే" అన్నాడు జితేందర్. జగిత్యాల బస్టాండు దగ్గర మేడ మీద రెండు గదుల్లో వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆఫీసు అతనిది. "వచ్చిందనుకో, ముందే చెప్పిన గదా. నీ నౌకరి ఖతం."

లత తలూపింది.

గొడవంతా ఒక గీత గురించి. గల్ఫ్‌లో కూలీల క్యాంపు నడిపే కంపెనీ ఒకటుంది. దాని వెబ్‌సైటు వీళ్లే చూస్తారు. ప్రతి బుధవారం కొత్త ఖాళీల పట్టిక లతే ఎక్కిస్తుంది. ఏ కంప్యూటర్లో తెరిచినా పేజీ చక్కగా ఉంటుంది. ఆ క్యాంపు ఆఫీసులోని పాతకాలపు కంప్యూటర్లో మాత్రం కుడి అంచున, పైనుంచి కిందిదాకా, సన్నటి ఎర్రగీత పడుతుంది. ప్రతి శనివారం కంపెనీ నుంచి ఫోన్. ఇప్పటికి ఆరు శనివారాలు.

పాత బ్రౌజర్లతో వచ్చే తలనొప్పే ఇది. ఊరంతా ఒకలా కొలిస్తే అవి ఇంకోలా కొలుస్తాయి. ఇక్కడ సర్దితే అక్కడ జరుగుతుంది. వాటి కోసం విడిగా నాలుగు లైన్లు రాయాలి. ఆ లైన్లను కొత్త బ్రౌజర్లు చదవను కూడా చదవవు. కొత్తవాటిలోనైతే వెంట్రుకవాసి తేడా వచ్చినా జితేందర్ ఇట్టే పట్టేస్తాడు. పాతవాటి జోలికి మాత్రం పోడు. ఆ చాకిరీ లతది.

పోయిన నెల జితేందర్ పంతం పట్టి, కోరుట్లలో బాబా మియా పాత సామాన్ల దుకాణం నుంచి అచ్చం అలాంటి కంప్యూటరే మోయించుకొచ్చాడు. దాంట్లోనూ గీత కనబడింది. లత ఏదో చెరిపింది. అతని కళ్ల ముందే గీత మాయమైంది. మళ్లీ శనివారం ఫోన్!

"గాలి గిట్ల సోకిందా దీనికి?" అని తల పట్టుకున్నాడు జితేందర్.

ఈ నౌకరి పోతే లత ఇల్లు నడవదు. తండ్రి హన్మండ్లు సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసినవాడు. సాంచెలు ఆగిపోయాక కుటుంబం కోరుట్లకొచ్చి పడింది. అక్కడా పని దొరక్క అతను గల్ఫ్ విమానమెక్కాడు. మూడు నెలలుగా అతని దగ్గర్నుంచి ఫోన్ లేదు. ఏజెంటు ఇంటి చుట్టూ, ఆఫీసుల చుట్టూ తల్లీబిడ్డలు చెప్పులరిగేలా తిరిగారు. "వస్తడు, ఆగుండ్రి" అన్నవాళ్లే అందరూ. చేతికి మిగిలింది కంపెనీ పేరు ఒక్కటే. కొమురవ్వ చుట్టే బీడీలతో బియ్యం వస్తే పప్పు రాదు. అలాంటిది, కరీంనగర్‌లో ఇంతకన్నా మంచి జీతం వదులుకుని లత ఇక్కడ చేరి రెండు నెలలైంది. ఎందుకని జితేందర్ అడిగితే "ఇంటికి దగ్గరని సార్" అంది.

ఒంటిగంటకు ఫోన్ మోగింది. లత గభాలున లేచి నిలబడింది.

"హా సార్... మళ్లనా సార్?" ఫోన్ పెట్టేసి జితేందర్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. "వచ్చిందట! గా క్యాంపు ఆఫీసు ఊడ్చే ముసలాయన ఉన్నడు సూడు, అక్షరం ముక్క రాదు, గాయినే పోయి మేనేజర్‌కు చూపిస్తుండట. 'సాబ్, గీత వచ్చింది' అని. ఊడ్చెటాయినకు కనబడ్డది నీకు కనబడదా?"

"ఈసారి గూడ గాయిననే చూపెట్టిండా సార్?"

"ఎవలు చూపెడితే నీకేంది? సాయంత్రం దాకా టైమ్ ఇస్తున్న. గా గీతన్న పోవాలె, నువ్వన్న పోవాలె."

లత కూర్చుంది. మూట విప్పింది. మెతుకు మిగలకుండా తింది. ఇన్ని తిట్లు పడి అన్నమెలా దిగుతుందో జితేందర్‌కు అర్థం కాలేదు. సిగ్గులేని పిల్ల అనుకున్నాడు.

తిన్నాక మూటగుడ్డ దులిపి మడతపెట్టింది. అది తండ్రి నేసిన బట్టే. సాంచె మీద తన వంతు అయిపోగానే 'ఇక్కడిదాకా నాది' అని గుర్తుగా హన్మండ్లు అంచున ఒక ఎర్రదారం ఉంచేవాడు. అది ఇంకా ఉంది.

సాయంత్రం అయిదుకు మళ్లీ ఫోన్. ఈసారి జితేందర్ నవ్వుతూ మాట్లాడాడు.

"నీ అదృష్టం బాగున్నది లతా! క్యాంపుకు కొత్త కంప్యూటర్లు దిగినయట. పాతదాన్ని రేపే పడేస్తరట. ఇగ గీత లేదు, ఫోన్ లేదు. నీ నౌకరికి ఢోకా లేదు పో!"

లత ముఖం పాలిపోయింది. "రేపేనా సార్? ఒక్క వారం ఆగరా?" అంది.

"ఆగుడెందుకు? పీడ పోయింది గదా!"

ఆమె మూటగుడ్డ ముఖానికి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. జితేందర్ బిత్తరపోయాడు.

"అగో! నౌకరి నిలబడ్డదంటే ఏడుస్తవేంది?"

పాస్‌పోర్టూ ఫోనూ గుంజుకున్న ఆ క్యాంపులో ఆఫీసు ఊడ్చే హన్మండ్లు ఇంకా బతికే ఉన్నాడని ఇంటికి తెలిసే దారి, బుధవారం బిడ్డ తన చేత్తో గీసి పంపే ఎర్రదారానికి శనివారం అతను చేసే ఫిర్యాదు ఒక్కటే.