మూసిన కంత

"తాతా, జెర పక్కకు జరుగు. ఫొటోల పడుతున్నవ్."

చాప మీద కూర్చున్న ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ వారకు వెళ్ళి నిలబడ్డాడు.

హిమజ ఫోన్ పైకెత్తింది.

మెట్టుగూడ సందులో ఉన్న ఆ పాత ప్రార్థన మందిరానికి తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. సంఘమంతా సైనిక్‌పురిలో కొత్త చర్చి కట్టుకుని, ఏసీలు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలింది ఆ ముసలాయన, గాలి.

గాలి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. హిమజ వచ్చింది దానికోసమే. ఆర్కిటెక్చర్ చివరి ఏడాది. కరెంటు ఖర్చు లేకుండా చల్లగా ఉండే భవనం ఎలా కట్టాలన్నది ఆమె థీసిస్. నడి వేసవిలోనూ ఫ్యాను అక్కర్లేని ఈ మందిరం కంటబడగానే లంకెబిందెలు దొరికినంత సంబరపడింది.

తూర్పు గోడకు వరసగా పన్నెండు కంతలు. పొద్దున ఎనిమిదింటికి, ఒకప్పుడు ఆరాధన మొదలయ్యే వేళకు, వాటిలోంచి ఎండ దిగి నేల మీద వెలుగు చుక్కలు పరుచుకుంటాయి.

చుక్కలు మాత్రం పదకొండే. నడుమ ఒక కంతను ఎవరో ఇటుక పెట్టి మూసేశారు.

దాని ఎదురుగా నేల మీద కాస్త నీడ. ముసలాయన రోజూ సరిగ్గా ఆ నీడలోనే, ఆడవాళ్ళు కూర్చునే వైపు, చాప వేసుకుని కూర్చుంటాడు. హిమజకు కావలసిందీ ఆ చోటే. ఇంత మందిరంలో ఈయనకు ఇంకో జాగానే దొరకలేదా అని విసుక్కునేది.

పన్నెండు కంతలంటే పన్నెండుమంది శిష్యులు. అందులో ఒకడు గురువును పట్టిచ్చాడు. వాడి వెలుగే మూసేశారు.

ఈ ఆలోచన తట్టిన రోజు ఆమె ఆపకుండా మూడు పేజీలు రాసింది. తాను గీసే భవనంలోనూ ఒక కంత మూసి, దానికి 'ద్రోహం' అని పేరు పెట్టింది.

గైడ్ రాఘవేందర్ సార్ ఆ పేజీలు చదివారు.

"సింబాలిజం మంచిగుంది. కట్టినాయన చెప్పిండా, నువ్వే అల్లినవా?"

"కట్టినాయన ఎవరో తెల్వది సార్."

"తెలుసుకో. లేకపోతే జ్యూరీ ముందు నిలబడదు. ఇంకో ఆరు నెల్లు కూసోవాలె. ఇంకోటి, ఫొటోలల్ల మనుషులు వద్దు. మనిషి ఉంటే కన్ను ఆ మనిషి మీదికే పోతది."

థీసిస్‌ను పరీక్షించే జ్యూరీకి ఇరవై రోజులే ఉన్నాయి. హిమజ సైనిక్‌పురి చర్చి ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగింది. సెక్రటరీ ఐజాక్ పాత ఫైలు తీశాడు. వానకు తడిసి కాగితాలన్నీ అట్టకట్టి ఉన్నాయి.

"రైల్వేల పనిచేసే మేస్త్రీ ఎవరో కట్టిండంటరమ్మా. నేనీ సంఘానికి వచ్చి నాలుగేండ్లే. పాతోళ్ళను అడిగి ఫోన్ చేస్తా."

ఆ ఫోన్ రాలేదు.

ఒకరోజు ముసలాయన తానే పలకరించాడు.

"బిడ్డా, ఆ మూసిన కంత గురించి రాస్తున్నవా?"

"అవు తాతా."

"అండ్ల పెద్ద ముచ్చటేం లేదు బిడ్డా. ఆ దినాలల్ల..."

"వెలుగు పోతది తాతా. మళ్ళ మాట్లాడుకుందాం. జెర జరుగు."

జరిగాడు. అయినా ఒక ఫొటో అంచున ఆయన భుజం పడింది. ఇంటికి పోయేటప్పుడు బస్సులో కూర్చుని, హిమజ ఆ భుజాన్ని ఫోన్ తెర మీద వేలితో రుద్ది చెరిపేసింది.

మర్నాడు మందిరానికి తాళం. ఆ తర్వాత మూడు రోజులూ అంతే. చెప్పాపెట్టకుండా ఎక్కడికి పోయాడని గేటు దగ్గర నిలబడి తిట్టుకుంది.

ఐదో రోజు ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగా తెల్లచీర కట్టుకున్న ఒకామె వచ్చి తాళం తీసింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఫొటోల బిడ్డవు నువ్వేనా? నేను గ్రేసీని. పేతురు బిడ్డను."

"పేతురు ఎవరక్కా?"

"రోజూ నీకు తలుపు తీసేటాయన. నాన్న పోయిండమ్మా. మొన్ననే సమాధి చేసినం. దవాఖాన్ల సుత ఒకటే పరేషాన్. ఆ బిడ్డ ఎనిమిదింటికి వస్తది, వెలుగు పోతది, తలుపు తియ్యిండ్రి అని."

ఇన్ని రోజుల్లో హిమజ ఆయన పేరైనా అడగలేదు.

"నీతోని ఒక పనున్నది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. నాన్నది మంచి ఫొటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డుల ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. నువ్వు ఇన్ని తీసినవు గద, ఒక్కదాంట్లనన్న ఉండడా?"

హిమజ ఫోన్ తీసింది. నాలుగు వందల ఫొటోలున్నాయి. ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. గోడ, నేల, వెలుగు చుక్కలు, మళ్ళీ గోడ. భుజం పడిన ఫొటోలో ఇప్పుడు భుజం కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"లేడక్కా. ప్రతిసారి నేనే పక్కకు జరగమన్న."

గ్రేసీ ఫోన్ అందుకుని చూస్తూ ఒక ఫొటో దగ్గర ఆగింది. పదకొండు చుక్కలు, వాటి నడుమ ఖాళీ నీడ.

"ఇదే ఇయ్యమ్మా."

"దీంట్ల తాత లేడు కదక్కా."

"చోటున్నది గద. అది మా అమ్మ బతికున్నప్పుడు కూసునే చోటు. కండ్ల ఆపరేషన్ అయినంక ఎండ పడితే ఆమెకు నీళ్ళు కారుతుండె. జరిగి కూసో అంటే, ఇన్నేండ్ల సంది ఇది నా చోటు, నేను జరగ అన్నది. ఇగ నాన్న ఏం చేస్తడు, నిచ్చెన ఎక్కి, తను కట్టిన గోడల తన చేత్తోనే ఆ ఒక్క కంతకు ఇటుక పెట్టిండు."