ఇచ్చిన బల్ల

“బల్ల కిందకి దించు,” అన్నారు మాస్టారు, స్కూలు గేటుకి అడ్డంగా నిలబడి.

వడ్రంగి తోపుడు బండి ఆపాడు. బండి మీద ఒక పాత బల్ల, కాళ్ళు పైకి పెట్టి బోర్లా పడుకోబెట్టి, తాళ్ళతో కట్టేసి ఉంది.

“దీని బదులు కొత్తది పెట్టాను మాస్టారూ. పదో తరగతి గదిలో, కిటికీ పక్కన. వెళ్ళి చూడండి.”

“చూసే వచ్చాను. టేకుది. అద్దంలా మెరుస్తోంది. కొత్తదిచ్చి పాతది పట్టుకుపోయే లెక్క నేను నీకెప్పుడు నేర్పానురా?”

మామూలుగా అయితే మాస్టారు ఒకటంటే అతను రెండనేవాడు. ఇవాళ నవ్వను కూడా నవ్వలేదు.

ఆ స్కూల్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరిచ్చిందే. చర్చికి వచ్చేవాళ్ళలో ఒకరు ఫ్యాను ఇస్తే ఒకరు గోడలకి సున్నం వేయించారు. చేతిలో ఏమీ లేనివాళ్ళు ఒక పూట చాకిరీ చేసి వెళ్తారు. సెలవుల్లో కూలి తీసుకోకుండా బల్లలు బాగుచెయ్యడం వడ్రంగి వంతు. ఇవన్నీ కాపాడే పనిని, రిటైరయ్యాక, మాస్టారు తన నెత్తిన వేసుకున్నారు. ఇచ్చిన వస్తువు గేటు దాటకూడదన్నది ఆయన పెట్టిన నియమం. విరిగిన కుర్చీ కాలైనా సరే, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ చెప్తేనే బయటికి పోవాలి.

“సిస్టర్ చెప్పారు,” అన్నాడు వడ్రంగి.

“నాకు చెప్పలేదే!”

“వస్తున్నారు. ఆవిడే చెప్తారు.” అతను అటూ ఇటూ చూసి, వాచ్‌మన్ స్టూలు తెచ్చి గోడ నీడలో వేశాడు. “మీరు ముందు కూర్చోండి. పొద్దుటి మాత్ర వేసుకున్నారా?”

“నా మాత్ర సంగతి నీకెందుకు? మాట మార్చకు.”

“ఫోను తెచ్చుకున్నారా?”

“ఇంట్లో ఉంది. ఏం, పోలీసులకి చెయ్యమంటావా?”

వడ్రంగి తల అడ్డంగా ఊపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాగొచ్చాడేమోనని మాస్టారు దగ్గరకెళ్ళి నిలబడ్డారు. చెక్కపొట్టు వాసన తప్ప ఇంకేమీ లేదు. పక్కవాడి పెన్సిలు ముక్క కూడా ముట్టుకోని పిల్లాడిగా ఎరుగుదురు ఇతన్ని. అలాంటివాణ్ణి గేటు దగ్గర నిలదీయాల్సి రావడం ఆయనకే ఏదోలా ఉంది. కానీ పదిమంది నమ్మి ఇచ్చిన సొత్తు. ఇవాళ ఇతన్ని వదిలేస్తే రేపు ఇంకొకణ్ణి ఏ ముఖం పెట్టుకుని ఆపుతారు?

వంగి బల్ల అంచు తడిమారు. వేళ్ళకి చిన్న ఇత్తడి రేకు తగిలింది. దాని మీద ఆయన భార్య పేరు.

“ఇది మా ఆవిడ జ్ఞాపకంగా నేనిచ్చిన బల్ల కదరా!”

“అవును మాస్టారూ, మీదే. మీరు ఊఁ అంటే చాలు.”

“నాదెలా అవుతుంది? ఇచ్చేదాకానే నాది. ఇచ్చాక స్కూలుది. దీని మీద నీకెంత హక్కుందో నాకూ అంతే.” ఆయన గొంతు కొంచెం తగ్గింది. “తిప్పు. పైభాగం చూడాలి.”

“వద్దు మాస్టారూ.”

“తిప్పమన్నానా?”

వడ్రంగి తాళ్ళు విప్పి బల్లని మెల్లగా వెల్లకిలా తిప్పాడు, అందులో ఏదో ఒలికిపోతుందన్నట్టు. పలక మధ్యలో కత్తిమొనతో లోతుగా చెక్కిన పేరు. పక్కన ఒక వంకర సైకిలు బొమ్మ.

అది మాస్టారి మనవడి పేరు.

ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయి, అంతలోనే పకపకా నవ్వేశారు.

“ఓహో, ఇదా సంగతి! తాతకి తెలిస్తే తాట తీస్తాడని, నా కంట పడకుండా మాయం చెయ్యమని నిన్ను బతిమాలుకున్నాడా వెధవ? పైగా దానికి నువ్వో టేకు బల్ల కట్నం! మా అమ్మాయి గారాబం చాలదని నువ్వొకడివి తయారయ్యావా?”

వడ్రంగి బండి పిడి పట్టుకుని నేల చూస్తున్నాడు.

మాస్టారు వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమారు. కోపం రావాలి. రాలేదు. “అయినా గది నిండా బోలెడు బల్లలుంటే, ఏరికోరి అమ్మమ్మ బల్లే వెతుక్కున్నాడు చూడు భడవ,” అన్నారు. “వాడేడీ? వాణ్ణే వచ్చి నన్నడగమను. సెలవులొస్తే చాలు, ఏటి గట్టు మీదే కాపురం.”

వడ్రంగి విప్పిన తాళ్ళు చుట్ట చుట్టి బండి మీద పెట్టాడు.

“మాస్టారూ,” అన్నాడు చివరికి, “బాబు ఇప్పుడు మీ భుజం దాకా వచ్చాడా?”

“భుజమా!” మాస్టారు వెనక్కి జరిగి, స్టూలు పక్కకి తన్ని, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడ్డారు. అరచెయ్యి చెవి పైన అడ్డంగా పెట్టి చూపించారు. “ఇదిగో, ఇక్కడిదాకా! వచ్చే ఏటికి నన్ను దాటేస్తాడు.”

వడ్రంగి ఆ చేతి వంక, అక్కణ్ణుంచి ఆయన పాదాల వంక చూశాడు, చెక్కని కంటితో కొలిచేటప్పుడు చూసినట్టు.

అప్పుడే వీధి మలుపు తిరిగి సిస్టర్ వచ్చారు. దాదాపు పరుగే. ఆవిడ తెల్లబట్టలు మోకాళ్ళ దాకా తడిసి, బురద కొట్టుకుపోయి ఉన్నాయి. గోడ చాటున ఉన్న మాస్టారు ఆవిడకి కనపడలేదు.

“ఇంకా ఇక్కడే ఉన్నావా నాయనా! సాయంత్రానికే అప్పగిస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. మాస్టారికి నువ్వేం చెప్పకు, నేను మెల్లిగా చెప్తాను. వాడి పేరున్న పలకనే శవపేటికకి మూతగా వెయ్యమని వాళ్ళమ్మ…”

గేటు దాటి, ఆయన్ని చూసి ఆగిపోయారు.

మాస్టారి చెయ్యి ఇంకా చెవి పైనే ఉంది.