కువైట్‌కి విడుదల

గోదారి దాటించి నర్సాపురం చేర్చే పంటు సఖినేటిపల్లి రేవు వదిలిందో లేదో, ఒకాయన లేచి నిలబడి అందరికీ జీళ్ళు పంచడం మొదలెట్టాడు.

వెంకన్న చెయ్యి చాపలేదు. ఖాళీ కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా. భుజాన వేలాడే రేడియో. మన కొట్లలో దొరికే రకం కాదది.

"ఏంటండి విశేషం?"

"కువైట్‌కి విడుదల వచ్చిందండి. పొద్దుటి వార్తల్లో చెప్పాడు. యుద్ధం ఆగిపోయింది. ఇరాకోడు తోక ముడిచాడు."

వెంకన్నకి ఒళ్ళు మండింది. అతను కొబ్బరికాయలు ఒలిచే కూలీ. ఎక్కడో ఎడారిలో వాళ్ళూ వాళ్ళూ కొట్టుకుంటే ఇక్కడ అతని ఇంట్లో దీపం ఆరిపోయింది. ఈ ఒడ్డున తెల్లవారుజాము నుంచి వరసలో నిలబడి, కిరసనాయిలు లేదనిపించుకుని, ఆ ఒడ్డుకి పోతున్నాడు. అక్కడ మాత్రం ఉంటుందని ఎవడు చెప్పొచ్చాడు?

"వాళ్ళకి విడుదలొస్తే మనకెందుకండి జీళ్ళు?"

ఆయన నొచ్చుకోలేదు. పేరు చిట్టియ్య అనీ, ఊరు రాజోలు పక్కన అనీ చెప్పి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. అమెరికా డబ్బున్న దేశమట. డబ్బున్నవాడికి బాధ్యత కూడా ఉంటుందట. ఇంకో దేశంలో మనుషుల హక్కులు కాలరాస్తుంటే చూస్తూ కూర్చోకూడదట. అందుకే అంత దూరం నుంచి విమానాలేసుకుని వచ్చి, కువైట్ జనాన్ని చెర విడిపించిందట. రేడియోలో విన్నదంతా కంఠతా పట్టినట్టున్నాడు.

జీళ్ళు నోట్లో వేసుకున్నవాళ్ళంతా అవునవునని తలలూపారు. ఊరికే వచ్చిన తీపి ఎవరి చేతనైనా అవుననిపిస్తుంది.

వెంకన్న నోరు ఖాళీగానే ఉంది. అక్కడ ఇసకలో నూనె ఊరకపోతే ఆ విమానాలు ఎగిరేవా అని అడిగాడు. అంతటితో ఆగలేదు. అతని వీధిలో పాపాయి అని ఒకత్తి ఉంది. వంటపనికని మస్కట్ వెళ్ళి, మతి చలించి తిరిగొచ్చింది. ఇప్పటికీ ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మంచం కిందకి దూరుతుంది.

"మా పాపాయిని గదిలో పెట్టి తాళం వేసినప్పుడు ఏ విమానమూ రాలేదండి. ఇస్త్రీపెట్టెతో వాతలు పెట్టినప్పుడూ రాలేదు. షేకుగారి మేడ పోయిందనేసరికి మాత్రం మానవహక్కులు గుర్తొచ్చేశాయి."

ఓ పక్కగా చేపల గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ కొంగు ముంజేతుల మీదికి లాక్కుంది. నది మీద గాలి చల్లగా ఉంది మరి.

చిట్టియ్య మొహం ఎర్రబడింది.

"మీరు కిరసనాయిలు కోసం ఏడుస్తున్నారు. మా ఇంటిదానికి కువైట్‌లోనే పనండి. సంపూర్ణ. అరబ్బు సేటు ఇంట్లో. ఇరాకోడు వచ్చి పడ్డప్పట్నుంచీ మా పొయ్యిలో పిల్లి లేవలేదు. కంటినిండా ఎప్పుడు నిద్రపోయానో నాకే తెలీదు. ఆ పెద్ద దేశం పూనుకోకపోతే మా బతుకులు ఏమైపోయేవి?"

అంతే, జనమంతా వెంకన్న మీదికి తిరిగారు. పెళ్ళాం కోసం మనిషి అల్లాడుతుంటే ఈ ఎకసెక్కాలేంటని ఒక చేపలావిడ మొహం మీదే కడిగేసింది. వెంకన్న తల దించుకున్నాడు. గొంతు తగ్గించి, ఏమైనా కబురు తెలిసిందా అని అడిగాడు.

తెలిసిందన్నాడు చిట్టియ్య. గొడవ మొదలవగానే సేటు కుటుంబంతో సహా సౌదీ పారిపోయాడట. ఇక తన ఇంటికి తాను వచ్చేస్తాడట. తక్కిందంతా నర్సాపురంలో గల్ఫు ఏజెంటు చూసుకుంటానన్నాడట. ఇప్పుడు వెళ్తున్నది అక్కడికే.

వెంకన్నకి కళ్ళకు కట్టింది. సేటు తన దారి తాను చూసుకున్నాడు. అంత మేడలో మన గోదావరి ఆడపిల్ల ఒక్కతే. బయట తుపాకులు. పైన బాంబులు. పలకరించే దిక్కులేదు. తన పెళ్ళాం చీకట్లోనైతేనేం, సొంత ఇంట్లో ఉంది.

అతను చెయ్యి చాపి జీడి తీసుకున్నాడు.

"తప్పుగా అనుకోకండి. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఆ డబ్బున్నోళ్ళు జన్మలో ఒక్క మంచి పని చేశారు. మీ సంపూర్ణమ్మగారిని చెర విడిపించారు."

అమెరికాని అతను మెచ్చుకోవడం అదే మొదలు. అలా అన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

చేతులకి కొంగు కప్పుకున్న ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. పిడికిట్లో పట్టుకున్న జీడిని మెల్లగా గోదాట్లోకి జారవిడిచింది. పుచ్చుపళ్ళ బాధేమో అనుకున్నాడు వెంకన్న.

పంటు నర్సాపురం రేవుకి తగిలింది. గంపలు లేచాయి, సైకిళ్ళు దిగాయి, జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. ఆవిడ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

దిగబోయిన చిట్టియ్య రేడియో భుజాన సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెనక్కి వచ్చి, ఆవిడ కొంగు కింద ఇస్త్రీపెట్టె మొన అచ్చుగుద్దినట్టు కాలిన ముంజేతిని పట్టుకుని లేపుతూ, "పద సంపూర్ణా, సేటు మళ్ళీ నువ్వే కావాలన్నాడంట" అన్నాడు.