ఓటు వెయ్యని దేశం

"‘అబ్‌స్టెయిన్’ అంటే ఏమిటే?" పేపరు మీద వేలు పెట్టి అడిగింది పెద్ద కోడలు.

బట్టలు మడతపెడుతున్న చిన్న కోడలు తొంగి చూసింది. అంతర్జాతీయ వార్తల పేజీ. మిత్రదేశాన్ని తప్పుపడుతూ తీర్మానం వస్తే, ఓ దేశం ఓటింగుకు దూరంగా ఉందట. హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం కోసం అక్కకు రోజూ ఇలా వార్తలతోనే ఇంగ్లీషు నేర్పుతోంది తను.

"అవుననకుండా, కాదనకుండా ఊరుకోవడం అక్కా. ఎవరితోనూ చెడకుండా."

"అయితే ఓ వాక్యం చెప్తా, తప్పుంటే దిద్దు." పెద్ద కోడలు గొంతు సవరించుకుంది. "ఎస్టర్‌డే, ఫాదర్-ఇన్-లా సెడ్ నో జాబ్. యు అబ్‌స్టెయిన్డ్. కరెక్టేనా?"

చిన్న కోడలి చేతిలో చొక్కా ఆగిపోయింది. నిన్న మామగారు "ఇంటి కోడలు హోటల్లో పనిచెయ్యడమేమిటి? నువ్వేమంటావమ్మా?" అని తననే అడిగారు. తను నేల చూపులు చూసింది.

అక్క ముఖంలో నిష్ఠూరం లేదు. వాక్యం కుదిరిందో లేదోనన్న ఆత్రమే ఉంది.

"కరెక్టే," అంది. చొక్కా పక్కన పడేసి లేచింది. "పద అక్కా, మామయ్యగారితో ఇప్పుడే మాట్లాడతా."

"ఇప్పుడెందుకే? రాలేనని పొద్దున్నే హోటల్‌కి ఫోన్ చేసి చెప్పేశా. ఈపాటికి ఇంకెవరినో తీసుకునుంటారు." పెద్ద కోడలు పెన్ను అందుకుంది. "ఇంతకీ స్పెల్లింగు చెప్పలేదు."

చిన్న కోడలు మళ్ళీ కూర్చుంది. అక్క ముఖంలోకి చూడలేక, తల వంచుకుని ఒక్కో అక్షరమే చెప్పసాగింది.